తుపాను వెళ్లాక తలుపు తట్టేవారు

అక్టోబరు దగ్గర పడుతుందంటే ఉద్దానంలో పెద్దవాళ్లు ముందు ఆకాశం వంక, తర్వాత ఇంటి కప్పు వంక చూస్తారు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన పలాస దగ్గరే ఒడ్డెక్కింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యమధ్య 165 వరకు విసురు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మొదలుకొని టెక్కలి, సంతబొమ్మాళి వరకు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన దృశ్యాన్ని అందరూ చూశారు. తోటల సంగతి వార్తల్లోకి వచ్చింది, పరిహారం లెక్కల్లోకీ వచ్చింది. ఎగిరిపోయిన రేకులను, పెచ్చులూడిన శ్లాబులను బాగు చేయించుకునేటప్పుడు జనం ఎవరి చేతిలో పడ్డారన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు.

గాలి తగ్గిన నాలుగో రోజుకో అయిదో రోజుకో ఒక బండి వీధిలోకి వస్తుంది. దిగిన మనిషి కప్పు వంక చూసి నాలుక చప్పరిస్తాడు. “ఇది ఇంకో వాన ఆగదమ్మా. నేను చూసుకుంటాను, మీరేం బెంగెట్టుకోకండి” అంటాడు. రేకుల ధర రేపు పెరుగుతుంది, ఇవాళే సగం డబ్బు ఇస్తే సరుకు తెచ్చి పడేస్తానంటాడు. ఇంట్లో తడిసిన బియ్యం, తడిసిన పరుపులు, మూలన వణుకుతున్న ముసలి ప్రాణం. అలాంటప్పుడు ఆ మాట దేవుడు పంపిన మాటలాగే వినిపిస్తుంది. డబ్బు చేతులు మారుతుంది. ఆ తర్వాత ఫోను మోగుతుంది గాని ఎత్తేవారుండరు.

ఇది ఒక్క తుపాను నాటి కష్టమే అయితే ఇంత రాయనక్కర్లేదు. మన తీరంలో ఇంటి మరమ్మతు ఏడాది పొడవునా ఉండే పని. ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పడుతుంది, వానకు శ్లాబు కారుతుంది, గోడకు చెమ్మ ఎక్కుతుంది. పైగా మన ప్రాంతానికి ఒక విచిత్రమైన స్థితి ఉంది. ఉద్దానం మగవారిలో ఎంతోమంది వలస వెళ్లి చెన్నైలో, హైదరాబాదులో, అండమాన్‌లో, గల్ఫ్ దేశాల్లో ఇళ్లూ మేడలూ కడుతున్నారు. సెంట్రింగు, కడ్డీ కట్టడం, తాపీ పని అన్నీ వారికి కొట్టిన పిండి. వారి సొంత ఇంటి కప్పు కారుతున్నప్పుడు మాత్రం బేరమాడేది ఊళ్లో ఉన్న భార్య, లేదా డెబ్భై ఏళ్ల తల్లి. పని తెలిసిన మనిషి వెయ్యి కిలోమీటర్ల దూరంలో వాట్సాప్ ఫొటో చూసి “బాగానే ఉన్నట్టుంది” అంటాడు. ప్లాస్టరింగు కింద ఏముందో ఫొటోలో కనబడదు.

దానికి తోడు కిడ్నీ జబ్బు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే మనిషి ఉన్న ఇంట్లో మేస్త్రి పక్కన నిలబడి సిమెంటు పాళ్లు చూసే తీరిక ఎవరికుంటుంది? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక దూరాభారం కొంత తగ్గిందన్నది నిజమే. కాని రోగిని చూసుకునే ఇంటి ఇల్లాలి రోజుకు గంటలు పెరగలేదు. మోసం చేసేవాడికి కావలసింది ఇలాంటి ఇల్లే.

మోసం అనగానే డబ్బు పట్టుకుని పారిపోయినవాడే మన కళ్ల ముందు మెదులుతాడు. అలాంటివారు ఉన్నారు, కాని మా లెక్కలో వారు తక్కువ. ఎక్కువ నష్టం చేసేది ఒకేసారి పది ఇళ్లు ఒప్పుకునేవాడు. మీ దగ్గర తీసుకున్న అడ్వాన్సుతో అంతకుముందు ఒప్పుకున్న ఇంటికి రేకులు కొంటాడు. మీ రేకులకు ఇంకో ఇంటి అడ్వాన్సు రావాలి. మొదట్లో అతనికి మోసం చేయాలన్న తలంపు కూడా ఉండకపోవచ్చు. కొత్త ఇళ్లు దొరికినంత కాలం గొలుసు నడుస్తుంది, దొరకని రోజున తెగుతుంది. చివరి నాలుగైదు ఇళ్లవారు మునుగుతారు. పోలీసు స్టేషనుకు వెళితే “ఇది సివిల్ తగాదా” అంటారు. ఆ మాటలో కొంత న్యాయం కూడా ఉంది. ఒప్పందం తప్పడం ఒక్కటే చీటింగ్ కాదని, మొదటి నుంచే మోసపు ఉద్దేశం ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 420 సెక్షను స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 318 వచ్చినా ఆ సూత్రం మారలేదు. అందుకే పోలీసు కేసు మీదే ఆశ పెట్టుకున్నవారు చాలాసార్లు చేతులు ఊపుకుంటూ తిరిగి వస్తారు.

ఇంకొకడు పని రానివాడు. ఇతని దగ్గర దుర్బుద్ధి వెతకనక్కర్లేదు, కాని నష్టం తక్కువేమీ కాదు. శ్లాబు పెచ్చుల సంగతే తీసుకోండి. కప్పు అడుగున పెచ్చు ఊడి, తుప్పు పట్టిన కడ్డీ బయటపడుతుంది. వచ్చిన మేస్త్రి చేత్తో రాలే మట్టుకు రాల్చి, పైన సిమెంటు పూసి, సున్నం వేసి రెండు రోజుల్లో డబ్బు తీసుకుపోతాడు. చూడ్డానికి కప్పు కొత్తదానిలా ఉంటుంది. లోపల తుప్పు అలాగే పని చేస్తూ ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును తోసేస్తుంది. రెండు మూడు వర్షాకాలాలకు పాత పెచ్చుతోపాటు కొత్త పూత కూడా ఊడి కింద మంచం మీద పడుతుంది. అసలు పద్ధతి వేరు. కడ్డీ చుట్టూ వదులుగా ఉన్న కాంక్రీటంతా గట్టి భాగం వచ్చేదాకా చెక్కాలి. కడ్డీని తళతళలాడేలా తీగ బ్రష్షుతో రుద్దాలి. మరీ సన్నబడిన కడ్డీ పక్కన కొత్త కడ్డీ కట్టాలి. తుప్పు నిరోధక పూత, పాతా కొత్తా కాంక్రీటు అతుక్కునే పూత వేశాకే గారె పట్టించాలి. తర్వాత వారం పాటు తడుపుతూ ఉండాలి. శ్లాబు పైన నీళ్లు నిలవకుండా వాలు సరిచేయకపోతే ఇదంతా మళ్లీ దండగ. అడ్వాన్సు ఇవ్వక ముందే “కడ్డీ శుభ్రం చేశాక, పూత వేయక ముందు నాకు చూపిస్తావా?” అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు మొహం చిట్లించినవాడితో బేరం అక్కడితో ఆపేయవచ్చు.

ఈ తిప్పలన్నిటికీ మూలం తొలి నిర్మాణంలోనే ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 సముద్రతీర వాతావరణాన్ని ‘తీవ్రమైన’ కోవలో చేర్చింది. కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర, కనీసం ఎం30 రకం కాంక్రీటు ఉండాలంది. కవర్ బ్లాకులు పెట్టకుండా కడ్డీని సెంట్రింగు రేకు మీదే పడుకోబెట్టి పోసిన శ్లాబుకు అంత పొర ఎక్కడి నుంచి వస్తుంది? కాంక్రీటు కలపడానికి సముద్రపు నీరు పనికిరాదని కూడా ఆ ప్రమాణమే చెబుతోంది. ఉప్పున్న ఇసుకదీ అదే గుణం. వంశధార ఇసుక బాడుగ భరించలేక ఒడ్డు ఇసుక కలిపేస్తే ఆ ఉప్పు కడ్డీని లోపలి నుంచే తింటుంది. ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకుని చూసే పాతకాలపు మేస్త్రి తెలివితక్కువవాడేమీ కాదు.

రేకుల ఇంటి సంగతి ఇంకా సులువుగా చూసుకోవచ్చు. గాలి కప్పును తోయడం కన్నా పైకి లాగడం ఎక్కువ. చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర ఆ లాగుడు మరీ హెచ్చు. అందుకే అక్కడ కొక్కేలు దగ్గర దగ్గరగా పడాలి, ప్రతి కొక్కేనికీ వాషరు ఉండాలి, వాసం గోడకు బిగిసి ఉండాలి. నడుమ నాలుగు కొక్కేలు మిగుల్చుకునేవాడు మిగుల్చుకునేది వంద, రెండు వందల రూపాయలు. ఆ మిగులు కోసం పోయేది ఇల్లంతటి కప్పు.

సరుకులో జరిగే మాయ కూడా చెప్పాలి. కడ్డీ బరువు మీద కొంటాం, మేస్త్రి లెక్క మాత్రం పొడవు మీద చెబుతాడు. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 888 గ్రాములు తూగాలి. 10 మిల్లీమీటర్లది 617, 8 మిల్లీమీటర్లది 395. అంటే 12 మీటర్ల పూర్తి కడ్డీ 12 మిల్లీమీటర్లదైతే పదిన్నర కిలోలు దాటాలి. ప్రమాణం కొద్ది శాతం తేడాను ఒప్పుకుంటుంది గాని తొమ్మిదిన్నర కిలోల కడ్డీని 12 మిల్లీమీటర్లదని నమ్మమంటే నమ్మకండి. జీడిపప్పు గ్రాముల్లో తూచి అమ్మే పలాసలో కాటా దొరకదా! కడ్డీ మీద, సిమెంటు బస్తా మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. ఆ గుర్తు కింది లైసెన్సు నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. బస్తా మీద ఏ వారంలో, ఏ ఏట నింపారో అచ్చు వేసి ఉంటుంది. మూడు నెలలు దాటినదాన్ని, గడ్డ కట్టినదాన్ని తీసుకోకండి. మన తేమగాలిలో సిమెంటు ఇంకా త్వరగా చెడుతుంది. వీలైతే సరుకు మీరే, మీ పేరున బిల్లుతో కొని, కాంట్రాక్టరుకు పని మాత్రం గుత్తకు ఇవ్వండి. తిరుగుడు ఎక్కువే, కాని పోయే డబ్బు తక్కువ.

ఇక మన సంఘాలతో కొంచెం సూటిగా మాట్లాడవలసిన విషయం ఒకటుంది. “మన సంఘం అబ్బాయే, ప్రార్థనకు వస్తాడు” అన్న మాట మీద ఎన్ని అడ్వాన్సులు కాగితం లేకుండా చేతులు మారుతున్నాయో ప్రతి పాస్టరుకూ తెలుసు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పరిచయం చేస్తారు, అక్కడికక్కడే బేరం కుదురుతుంది. పని చెడితే అడగడానికి మొహమాటం. అడిగితే “సహోదరుల మధ్య కాగితాలా?” అన్న నొప్పి. పెద్దలు కూర్చోబెట్టి క్షమించమంటారు. విధవరాలు క్షమిస్తుంది, కప్పు కారుతూనే ఉంటుంది. క్షమించమని అడిగేవారు ముందు డబ్బు తిరిగి ఇప్పించే సంగతి చూడాలి గదా? ఇంటి కప్పుకు పిట్టగోడ కట్టమని మోషే ధర్మశాస్త్రం అడిగింది, ఎవరైనా పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటి మీద ఉంటుందని హెచ్చరించింది. కట్టడంలో నాణ్యత భక్తికి బయటి విషయమని అనుకోవడానికి మనకు ఆధారం లేదు. పాస్టరు పరిచయం చేయడంలో తప్పు లేదు. ఆ పరిచయం పూచీకత్తు కాదని ఆయన అదే నోటితో చెప్పాలి. గుడి మరమ్మతులకు కూడా కమిటీలు కొలతలు, ధర, గడువు రాసిన కాగితం మీద సంతకాలు చేయించుకుంటే, విశ్వాసులకు తమ ఇంటి దగ్గర అదే అడగడానికి ధైర్యం వస్తుంది.

చట్టం దగ్గరకు వస్తే, ఇల్లు బాగుచేసే కాంట్రాక్టరుకు మన రాష్ట్రంలో ప్రత్యేకమైన లైసెన్సు అంటూ లేదు. ప్రభుత్వ పనులు చేసేవారికి రిజిస్ట్రేషను ఉంది, మీ ఇంటి శ్లాబుకు అది అక్కర్లేదు. రెరా చట్టం ఉంది గదా అంటారు. అది 500 చదరపు మీటర్లకు, ఎనిమిది ఇళ్లకు మించని ప్రాజెక్టులను వదిలేస్తుంది, అమ్మకంతో సంబంధం లేని మరమ్మతులను పేరు పెట్టి మరీ మినహాయించింది. అపార్టుమెంటు కొన్న నగరవాసికి ఒక గొడుగు దొరికింది, రేకు మార్పించుకునే వజ్రపుకొత్తూరు మనిషికి దొరకలేదు.

మన తెలుగువారు ఎంతోమంది ఉంటున్న న్యూజెర్సీలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టరు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, సంతకం చేశాక మూడు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. కాలిఫోర్నియాలో ముందుగా తీసుకునే సొమ్ము మొత్తంలో పదో వంతు, లేదా వెయ్యి డాలర్లు, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించకూడదు. మేరీల్యాండులో కాంట్రాక్టర్లే చెల్లించే ఒక నిధి నుంచి మోసపోయిన ఇంటి యజమానికి పరిహారం వస్తుంది. అక్కడ మోసాలు లేవని కాదు. సగం డబ్బు ముందే గుంజడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం, మన దగ్గర వాడుక. తేడా అంతే.

మనకున్న గట్టి ఆయుధం వినియోగదారుల రక్షణ చట్టం. గృహనిర్మాణం ‘సేవ’ కిందికి వస్తుందని 1993లోనే చట్టంలో చేర్చారు. అదే ఏడు లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. 50 లక్షల వరకు శ్రీకాకుళంలోని జిల్లా కమిషనే వింటుంది. కాంట్రాక్టరు విశాఖవాడైనా, బరంపురంవాడైనా మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు. వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైనులో కూడా దాఖలు చేయవచ్చు. రెండేళ్ల గడువు మాత్రం మరచిపోకూడదు. “వచ్చే పండగకు చేసేస్తాను” అంటూ ఆ గడువు దాటించేవారున్నారు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడమే ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఒక్క మెలిక గుర్తుంచుకోవాలి: రోజు కూలికి మీరు పెట్టుకుని పని చెప్పి చేయించుకున్న మేస్త్రి ఈ చట్టం కిందికి రాడు. పనిని గుత్తకు ఒప్పుకున్నవాడు వస్తాడు.

కేసు నిలిచేది కాగితం మీద. స్టాంపు పేపరే కావాలని లేదు. నోటు పుస్తకంలో చింపిన కాగితం మీదైనా ఏ పని, ఏ సరుకు, ఎంత ధర, ఎప్పటికి, ఏ దశలో ఎంత సొమ్ము అని తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెడితే అది సాక్ష్యమే. డబ్బు ఫోన్‌పేలో పంపేటప్పుడు “కప్పు పని మొదటి విడత” అని రాయండి. వాట్సాప్ మాటలను చెరిపేయకండి. చివరి విడతగా పదో వంతు అట్టేపెట్టి, ఒక మంచి వాన పడ్డాక ఇచ్చేలా ముందే రాసుకోండి. సలహాకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది. న్యాయసేవా సంస్థల నంబరు 15100. ఉచిత న్యాయసహాయానికి మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పని లేకుండా అర్హులు. వరద వంటి విపత్తుల బాధితులను కూడా న్యాయసేవల చట్టం ఆ జాబితాలో చేర్చిందన్నది మన తీరంలో అందరికీ చేరవలసిన సమాచారం. చట్టం మూడు నెలల్లో తేల్చమన్న ఫిర్యాదులు అంతకన్నా చాలా ఎక్కువ కాలం పడతాయని కూడా చెప్పకపోతే మేము పాఠకులను మభ్యపెట్టినవాళ్లమవుతాం. అయినా నోటీసు అందగానే రాజీకి వచ్చేవారు తక్కువేమీ కాదు.

ప్రభుత్వ ఇళ్ల విషయంలోనూ ఇదే గాయం ఉంది. 2020 డిసెంబరు 25న మొదలైన పేదల ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి రూ.1.80 లక్షలు. స్వయంగా కట్టుకోలేమన్నవారి ఇళ్లను ఆప్షన్-3 కింద గుత్తేదార్లకు అప్పగించారు. చాలా చోట్ల అవి సగంలో నిలిచాయని, నాణ్యత లేదని రాష్ట్రమంతటా ఫిర్యాదులు వచ్చాయి. 2025 మార్చిలో ప్రభుత్వం మిగిలిపోయిన ఇళ్లకు ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు, ఆదిమ గిరిజనులకు రూ.లక్ష అదనంగా ప్రకటించింది. మంచిదే. కాని పునాది దగ్గరే సిమెంటు దొంగిలించిన గోడ మీద ఆ డబ్బు పెట్టమంటే లబ్ధిదారు ఏం చేస్తాడు? కట్టినదాన్ని పరిశీలించి బలహీనమైనదాన్ని కూల్చి కట్టించే బాధ్యత గుత్తేదారు మీద పెట్టాలి.

2019 నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగు అసిస్టెంటు ఉన్నాడు. ఊళ్లోని మేస్త్రీలు, కాంట్రాక్టర్ల పేర్లు, వారు అంతకుముందు చేసిన ఇళ్లు, వారి మీద తేలిన ఫిర్యాదులు ఒక పుస్తకంలో రాసి ఉంచడం ఆయనకు పెద్ద పని కాదు. తెలుగులో ఒక పేజీ నమూనా ఒప్పందం అచ్చువేసి సచివాలయంలో ఉంచితే, చదువురాని తల్లి తరఫున అక్కడి ఉద్యోగే పూరించి చదివి వినిపించవచ్చు. తుపాను హెచ్చరిక వెలువడిన నాటి నుంచి మూడు నెలల పాటు రేకులకు, మరమ్మతు కూలికి జిల్లా యంత్రాంగం ఒక ధరల పట్టిక ప్రకటించాలని, అడ్వాన్సుకు పరిమితి పెట్టాలని మేము కోరుతున్నాం. పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం శాసనసభ్యుల ముందు ఈ మాట పెట్టడానికి సంఘాల పెద్దలు కలిసి ఒక వినతిపత్రం రాస్తే చాలు.

నిజాయితీగల మేస్త్రి గురించి ఒక మాట. మోసగాడి చౌక బేరంతో పోటీ పడలేక నష్టపోతున్నది అతనే. పని బాగా చేసి దిగాక “అక్కడ గీత పడింది, ఇక్కడ మరక ఉంది” అంటూ ఆఖరి విడత ఎగ్గొట్టే యజమానులు మన సంఘాల్లోనూ ఉన్నారు. రాసుకున్న కాగితం అతనికీ రక్షణే. ఆ కాగితంలో యజమాని ఎన్ని రోజుల్లో చెల్లించాలో కూడా రాయండి.

చూరు అంచున కొక్కేలు ఎన్ని ఉన్నాయో ఈ ఆదివారం మధ్యాహ్నమే నిచ్చెన వేసి లెక్కపెట్టుకోవచ్చు. కొక్కేలు తక్కువైతే మేస్త్రీలు ఖాళీగా ఉన్న, రేకుల ధర మామూలుగా ఉన్న ఈ రోజుల్లోనే బిగించుకోవాలి.